ఎనిమిదో ఇన్నింగ్స్ రాయి

వైల్డర్టన్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో లియోనా వ్రాబెల్ వేలెత్తితే అది హిట్టు, పిడికిలి చూపిస్తే అది తప్పు. ఇక దానికి తిరుగు లేదు. గ్యాలరీ రేకుల కప్పు మీద, కోళ్ళగూడు కన్నా ఏ కాస్తో పెద్దదైన చెక్కగదిలో ఆవిడ ఒక్కతే, ఎర్ర టోపీ పెట్టుకుని కూర్చునేది. బ్యాటు పట్టినవాడు మొదటి బేస్‌కి చేరుకున్నాడంటే అది వాడు కొట్టిన దెబ్బ గొప్పా, లేక బంతిని ఆపాల్సినవాడి చేతకానితనమా అని తేల్చి స్కోరు పుస్తకంలో రాసేది ఆవిడే. అంత పెద్ద మైదానం అవతల బోర్డు మీద అంకెలు మార్చే ముసలాయన ఆవిడ చెయ్యి చూసే అంకె తగిలించేవాడు.

ఈ పని ఆవిడ మొగుడు ఎమిల్‌ది. ఊరి పత్రికలో ఆటల వార్తలు రాసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పదమూడేళ్ళపాటు ఆయన పక్కన కూర్చుని ఆయనకన్నా చక్కగా రాసింది ఈవిడేనని ఊరంతా సాక్ష్యం చెబితే, లీగ్ వాళ్ళు గొణుక్కుంటూనే ఒక ఆడమనిషికి ఆ కుర్చీ ఇచ్చారు. "చూసింది రాయి లియోనా, చూడనిది రాయకు, అంతకుమించి ఈ పనిలో బ్రహ్మవిద్యేం లేదు," అనేవాడు ఎమిల్. ఆరేళ్ళలో ఆవిడ ఆ మాట జవదాటలేదు. దాటింది ఒక్కసారి, 1954 ఆగస్టు చివరి ఆదివారం మధ్యాహ్నం.

ఆ రోజు వైల్డర్టన్ తరఫున బంతి విసురుతున్నది ఆర్విల్ టాకెట్. కెంటకీ కొండల్లోంచి వచ్చిన మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. ఆ ఆటకి అది ముసలితనమే. తొమ్మిది వేసవులుగా లియోనా ఇంట్లో మేడమీద తూర్పు గదిలో దిగుతున్నాడు. ఈ సీజన్ అయిపోగానే తమ్ముడి దాణా కొట్టులో చేరిపోతానని అందరికీ చెప్పేశాడు. ఇది ఆర్విల్ ఆఖరి ఆట. ఎదర మార్ష్‌వ్యూ జట్టు.

ఆ మేడమీదే పడమటి గదిలో వెర్న్ హాలిస్టర్ ఉండేవాడు. ఓక్లహోమా కుర్రాడు, ఇరవై ఏళ్ళు, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్. లేడిలా పరిగెత్తేవాడు, తీరా బంతి చేతిలోకి వచ్చాక కంగారుపడి జారవిడిచేవాడు. ఆ ఏడు అప్పటికే ముప్పై తొమ్మిది తప్పులు. ఆ ముప్పై తొమ్మిదీ లియోనా తన చేత్తో రాసినవే. రాసిన రోజున రాత్రి భోజనంలో వాడి పళ్ళెంలో ఒక ముక్క ఎక్కువ వేసేది. బోర్డు కేసి తలెత్తి చూడలేని వెర్న్, దాన్నిబట్టే తనకి తప్పు పడిందో లేదో కనిపెట్టేసేవాడట.

ఆట మహా బిగువుగా సాగింది. మూడో ఇన్నింగ్స్‌లో వెర్న్ నాలుగు చెడు బంతులు వదిలేసి ఉత్తినే మొదటి బేస్‌కి నడిచాడు. తరువాతి బంతికి ఎవరూ చూడకుండా రెండో బేస్‌కి ఉరికాడు. ఇంకెవడో కొట్టిన చచ్చు దెబ్బకి బేస్‌లన్నీ చుట్టి బయల్దేరిన చోటికే వచ్చి పడ్డాడు. ఒకటి, సున్నా. ఆ రోజు పరుగంటూ వచ్చింది అదొక్కటే.

మార్ష్‌వ్యూ సంగతి చెప్పాలంటే, వాళ్ళకి పరుగు మాట దేవుడెరుగు, ఒక్క హిట్టు కూడా లేదు. అయిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆ సంగతి అందరికీ తెలిసింది. తెలిసింది గనకే ఎవ్వరూ నోరు విప్పలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ హిట్టు ఇవ్వకుండా ఆట ముగించడం అంటే ఆ ఆటలో జన్మకొక్కసారి దొరికే వరం. అది సగంలో ఉండగా పైకి అన్నారా, అయిపోయినట్టే. ఆర్విల్ బెంచీ మీద కూర్చుంటే రెండు వైపులా నాలుగడుగులు ఖాళీ. తోటివాళ్ళు వాడి మొహం కేసి కూడా చూడలేదు. వేరుశనగలు అమ్మేవాడు సైతం గొంతు తగ్గించేశాడు.

ఇక్కడే లియోనా బుద్ధి గడ్డి తింది. ముగ్గురు ఔటయితే ఇన్నింగ్స్ సరి; నాలుగో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక పెన్సిలు ముల్లు విరిగింది. వంగి, బల్ల కింద కాఫీ డబ్బాలోకి చెక్కుకుంటుంటే మూడోవాడు ఔటయ్యాడు. అయిదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఇద్దరయ్యాక పెన్సిలు దొర్లి కింద పడింది. తీసుకోవడానికి వంగితే మళ్ళీ ఔట్. ఇక చూసుకోండి! ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యేసరికి ఆవిడ పెన్సిలు నిక్షేపంలా ఉంది, అయినా తల దించి బల్ల కింద చెక్కడం మొదలుపెట్టింది. ఔట్. ఏడులోనూ అంతే. బయటివాళ్ళు ఎవరైనా చూస్తే ఈవిడకి మతి పోయిందనుకుంటారు గానీ, ఆ ఊళ్ళో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. కలిసొస్తున్న పని మధ్యలో ఆపి, తొమ్మిదేళ్ళుగా తన చేతి కూడు తింటున్న మనిషి నోట్లో మట్టి కొట్టడానికి ఆవిడకి గుండె ఒప్పలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్. ఇద్దరు ఔట్. లియోనా వంగింది. పెన్సిలు అప్పటికి బొటనవేలంత మిగిలింది.

ఠప్పుమని బ్యాటు చప్పుడు. వెంటనే మూడు వేల గొంతులు ఒక్కసారే "అయ్యో!" అన్నాయి. తల ఎత్తేసరికి బంతి వెర్న్ వెనక గడ్డిలో దొర్లుతోంది. వెర్న్ మోకాళ్ళ మీద ఉన్నాడు. మార్ష్‌వ్యూ వాడు మొదటి బేస్ మీద నిలబడి ఉన్నాడు. మైదానం అవతల నుంచి బోర్డు ముసలాయన తనకేసే చూస్తున్నాడు. గ్యాలరీ మొత్తం తల వెనక్కి తిప్పి పైకి చూస్తోంది. ఏం జరిగిందో తను చూడలేదు. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని లేవాలి? చేయి దానంతటదే లేచింది. ఒక వేలు. హిట్టు.

బోర్డు మీద మార్ష్‌వ్యూ హిట్ల గడిలో సున్నా పోయి ఒకటి వచ్చింది. అప్పుడు లేచింది గోల! "కళ్ళజోడు మార్చుకోవే లియోనా!" అని ఒకడు, "దిగి వంట చేసుకో పో!" అని ఇంకొకడు. ఆర్విల్ మాత్రం పైకి చూడలేదు. టోపీ సవరించుకుని తరువాతివాడిని మూడు బంతుల్లో పంపేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురినీ ముక్కున వేలేసుకునేలా ఔట్ చేశాడు. ఆట ఒకటి–సున్నా. ఒక్క హిట్టు.

పెద్దగా చప్పట్లు లేవు. జనం పెళ్ళికెళ్ళి ఆకలితో తిరిగొస్తున్నవాళ్ళలా దిగిపోయారు.

జట్టు మేనేజర్ గస్ లింద్‌క్విస్ట్ నిచ్చెనెక్కి, రొప్పుతూ, చెక్కగది గుమ్మంలో తల దూర్చాడు. లావుపాటి మనిషి, లోపలికి పట్టడు.

"ఏమ్మా లియోనా, ఏం చూశావు అక్కడ?"

ఆవిడ పుస్తకం మూసి, పెన్సిలు ముక్క జేబులో వేసుకుంది.

"నేను బెంచీ మీంచి చూశాను. నా ముందు ఆరుగురు వెధవలు లేచి నిలబడ్డారు. ఏమీ కనబడలేదు. అందుకని నేను దెబ్బలాడను. ఒక్క సంగతి చెప్పి దిగిపోతా. మన జట్టుని పోషించే పై క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏటికి ఒకడే చాలట, రేపటికల్లా ఇద్దరు షార్ట్‌స్టాప్‌లలో ఒకణ్ణి ఇంటికి పంపెయ్యాలి. వాళ్ళు ఆటలు చూడరమ్మా, అంకెలు చూస్తారు. వెర్న్ గాడికి ముప్పై తొమ్మిది. ఆ రెండోవాడికీ ముప్పై తొమ్మిదే. నువ్వు ఇది తప్పు అని మారిస్తే వాడికి నలభై. పొద్దున్నే బస్సెక్కిస్తాను. మార్చకపోతే ఇద్దరూ సమానం, వెర్న్ గాణ్ణే ఉంచుకుంటాను, కానీ ఆర్విల్ గాడి వరం గంగలో కలిసినట్టే. ఊరంతా నిన్ను తిట్టుకుంటుంది. పొయ్యే ముందు వాడికి ఆ ఒక్కటీ దక్కితే బాగుండేదని నాకూ ఉంది, అబద్ధమెందుకు."

"నువ్వు చెప్పు, ఏం రాయమంటావు?"

"నేనా? నేను ఏ చొక్కా వేసుకోవాలో కూడా వారం రోజులుగా నా భార్యే చెబుతోంది. పుస్తకం నీది." గస్ నిచ్చెన దిగిపోయాడు.

ఆరుంపావు రైలు వచ్చేలోగా స్టేషన్‌లో తంతి మాస్టరు చేత స్కోరు లీగ్ ఆఫీసుకి కొట్టించాలి. లియోనా పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఒకటే మాట తనలో తనే అనుకుంది: ఎమిల్, నేను చూడలేదు. ఎమిల్, నేను చూడలేదు. ఇద్దరూ తన ఇంటి మనుషులే. ఒకరి నోటి దగ్గర కూడు తీసి ఇంకొకరికి పెట్టాలి. అది కూడా కళ్ళు మూసుకుని. ఏడుపొచ్చినంత పనయింది ఆవిడకి.

వంటింట్లో పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది, పక్కన పులిసిన క్యాబేజీ. పొద్దున చేసిన కొలాచీలు, గసగసాలు కూరిన తీపి బన్నులు, గుడ్డ కింద ఉన్నాయి. వెర్న్ అప్పటికే బల్ల దగ్గర కూర్చున్నాడు. తల తడి ఆరలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వ్రాబెల్ గారూ, అది హిట్టు కాదండీ. మార్చెయ్యండి."

"ముందు నా మాట విను నాయనా. నేను చూడలేదు."

"ఆఁ?"

"వంగున్నాను. పెన్సిలు చెక్కుతున్నాను. ఎందుకని మాత్రం అడక్కు, సిగ్గేస్తోంది."

వెర్న్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. తరువాత గబగబా అన్నాడు. "అయితే నేను చెబుతున్నా కదండీ. బంతి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. పరిగెత్తేవాణ్ణి ఒక్క క్షణం చూశాను. గ్లవ్ అడుగున తగిలి పక్కకి పోయింది. మా చెల్లెలైనా పట్టేసుండేది. తప్పు నాది. తప్పనే రాయండి."

"రాస్తే రేపు నిన్ను బస్సెక్కిస్తాడట గస్. తెలుసా?"

"తెలుసు. వెళ్తాను. ఆయనకి ఇదే ఆఖరిది కదండీ. నాకేముంది, నేను ఎక్కడైనా..." అంటూ తడి జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు.

లియోనాకి వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. అంతలో గుమ్మం చప్పుడయింది. ఆర్విల్ లోపలికొచ్చాడు. కుడి భుజానికి తడి తువ్వాలు చుట్టుకుని, ఎడం చేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు. దాన్ని తెచ్చి పుస్తకం పక్కన పెట్టాడు. తెల్లటి రాయి, నిమ్మకాయకి కాస్త తక్కువ.

"ఏమిటిది ఆర్విల్?"

"బంతి తగిలింది దీనికేనండీ. వీడి ముందు రెండడుగుల్లో ఉంది. దీనికి తగిలి బంతి పక్కకి ఎగిరింది. ఏ దేవుడు నిలబడినా ఆగదు అది. ఆట అయ్యాక ఏరుకొచ్చాను."

"రాయా?" అన్నాడు వెర్న్. "నేను ఏ రాయీ చూడలేదే!"

"నువ్వు చూసినవాడివైతే బంతే పట్టేవాడివి కదరా."

"గ్లవ్‌కి తగిలిందయ్యా! నాకు తెలీదా!"

"ఒరే, పద్దెనిమిదేళ్ళుగా బంతి విసురుతున్నాను. అది ఎలా ఎగిరితే దేనికి తగిలిందో నిద్రలో లేపి అడిగినా చెబుతా. నీకు వచ్చిందెప్పుడు? నిరుడు. కూర్చో."

లియోనా రాయిని తిప్పి చూసింది. "పొద్దున గ్రౌండ్ దువ్వారుగా?"

"దువ్వినవాడికి కళ్ళుండాలిగా," అన్నాడు ఆర్విల్. పొయ్యి మీది గిన్నెలోంచి వేడి ముక్క వేళ్ళతోనే తీసి నోట్లో వేసుకుని, నాలుక కాలి గంతులేశాడు.

లియోనా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఒకడు తన కొలువు పోయే మాట చెబుతున్నాడు. ఇంకొకడు తన వరం పోయే మాట చెబుతున్నాడు. ఎవరి మేలు కోసం వాళ్ళు అబద్ధమాడితే పట్టుకోవడం తేలిక. ఇదేం పీకులాటరా దేవుడా అనుకుంది. చివరికి రాయి గెలిచింది. మనుషులు మాట మార్చొచ్చు గానీ రాయి ఎదురుగా ఉంది కదా. సిరా కలం తీసి, పెన్సిలు గుర్తు మీద గట్టిగా దిద్దింది. హిట్టు. వెర్న్ లేచి మేడమీదికి వెళ్ళిపోయాడు. వెనక గుమ్మంలోంచి వెళ్తే స్టేషన్ దగ్గర. రాయిని ఏప్రన్ జేబులో వేసుకుని అటే నడిచింది లియోనా.

తంతి మాస్టరు స్కోరు కొట్టి, "ఒక్క హిట్టేనా? పాపం ఆర్విల్," అన్నాడు.

"రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా మార్చుకోవచ్చు కదా?" అంది ఆవిడ. ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు.

"మార్చొచ్చు. పన్నెండు దాటితే ఇక దేవుడు దిగొచ్చినా కుదరదు."

వచ్చేటప్పుడు వీధి వైపు నుంచి వచ్చింది. గేటు నుంచి వసారా మెట్ల దాకా పూలమడి అంచున తెల్లరాళ్ళ వరస. ఎమిల్ పోయిన వసంతంలో, ఏం చెయ్యాలో తోచక, ఒక్కొక్కటీ ఏటి ఒడ్డున ఏరుకొచ్చి మట్టిలో అదిమింది. ఆరేళ్ళలో ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు మెట్ల పక్కన ఒకటి లేదు. పన్ను ఊడినట్టు నల్లటి గుంట. చుట్టూ వేళ్ళ గుర్తులు.

లియోనా జేబులోంచి రాయి తీసి, వంగి, ఆ గుంటలో పెట్టి చూసింది. అచ్చంగా సరిపోయింది. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుంది.

వసారాలో ఉయ్యాల బల్ల కిర్రుమంది. ఆర్విల్ అక్కడే ఉన్నాడు, చెయ్యి మంచు బక్కెట్‌లో పెట్టుకుని.

"ఆర్విల్, నా వరసలో రాయి ఒకటి ఊడింది."

"అలాగా? వానకి ఊడుంటుంది."

"వాన పడి ఇరవై రోజులైంది."

"అయితే పందికొక్కు అయ్యుంటుందండీ. ఈ ఏడు మహా ఎక్కువగా ఉన్నాయి."

"కెంటకీ నుంచి వచ్చిన పందికొక్కా?"

ఆర్విల్ నవ్వాపుకోలేకపోయాడు. బక్కెట్‌లో నీళ్ళు తొణికాయి. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది.

"నువ్వెవరయ్యా నా పుస్తకంలో అబద్ధం రాయించడానికి? తొమ్మిదేళ్ళు నా ఇంట్లో తిని! రేపు పన్నెండులోగా మారుస్తాను. నీ వరం నీకొస్తుంది."

"ఆ వరం నేనేం చేసుకోను లియోనా గారూ? దాణా బస్తాల మీద అంటించుకోనా? వచ్చే వారం నుంచి నన్నడిగేది కోళ్ళకి ఏ రకం జొన్న మంచిదని. ఆ కుర్రాడికి ఈ ఆట తప్ప ఇంకో పని రాదు. ఇంటికెళ్తే వాళ్ళ నాన్న నూనె బావుల్లోకి తోస్తాడు. వాడు ఇంకా కంగారు పడుతున్నాడు, అంతే. ఒక్క ఏడు ఆగితే వాడి చేతులు వాడి మాట వింటాయి. నాకు తెలుసు, నా చేతులూ అలాగే చేశాయి."

"నేను రాసింది చూడనిదయ్యా," అంది లియోనా. "నీకేం తెలుసు. ఇద్దరు ఔటయినప్పుడల్లా నీ కోసమే తల దించాను. నాలుగో ఇన్నింగ్స్ నుంచీ. దించినప్పుడల్లా కలిసొచ్చింది. ముసలిదాన్ని, సిగ్గు లేకపోయింది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ టోపీ. ఆ ఎర్ర టోపీ నాకు అక్కణ్ణుంచి కనబడుతుందిగా. నాలుగులో మాయమైంది, అయిదులో మాయమైంది. ఆరు నుంచి అది మాయమయ్యేదాకా నేను బంతి వెయ్యడమే మానేశాను. ఎనిమిదిలో మీరు కాస్త ఆలస్యం చేశారు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించి, టోపీ కిందికి వెళ్ళాకే వేశాను. అంపైరు నన్ను తిట్టాడు కూడా." ఆర్విల్ చెయ్యి బక్కెట్‌లోంచి తీసి తుడుచుకున్నాడు. "అందుకే, మీ వేలు లేచినప్పుడు అది చూసి లేచిన వేలు కాదని మొత్తం గ్రౌండ్‌లో నాకొక్కడికే తెలుసు. వరం పోయిందని బాధపడలేదని చెప్పను. బాధపడ్డాను. కానీ చూడకుండానే మీ చెయ్యి వాడి వైపు లేచింది. ఇంక దాన్ని దించడానికి నాకు మనసొప్పలేదు."

 లియోనా కళ్ళు తుడుచుకోవడానికి ఏప్రన్ అంచు వెతుక్కుంది. మేడమీద వెర్న్ గోడకేసి బంతి కొడుతున్న చప్పుడు వినబడుతోంది, కొట్టి పట్టుకుని, కొట్టి పట్టుకుని.

"కొలాచీలు తెస్తాను, ఉండు," అని లేచిందావిడ. మెట్టెక్కబోతూ ఆగి, వంగి, గుంటలోంచి ఆ రాయి మళ్ళీ తీసేసింది.

"అదేంటి? పెట్టారుగా?"

"పైన చెక్కగదిలో గాలికి పుటలు ఎగురుతున్నాయి. బరువుకి ఒకటి కావాలి," అంది.

మరునాడు పన్నెండు గంటలకి లియోనా స్టేషన్‌కి వెళ్ళలేదు. గ్రౌండ్‌కి వెళ్ళింది. ఖాళీ గ్రౌండ్‌లో ఆర్విల్ ఎడం చేత్తో బంతులు దొర్లిస్తున్నాడు, వెర్న్ పట్టుకుంటున్నాడు. జారవిడిచినప్పుడల్లా ఆర్విల్ అరిచే బూతులు వీధి దాకా వినబడ్డాయి. చర్చి గంట పన్నెండు కొట్టడం అయిపోయాక ఆవిడ ఇంటికి వచ్చి, ఇద్దరికీ సరిపడా బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది.

మరుసటి ఏడు తూర్పు గదిలో ఎవరో కొత్తవాడు దిగాడు. వెర్న్ పడమటి గదిలోనే ఉన్నాడు. ఏప్రిల్‌లో మొదటి ఆటనాడు లియోనా డజను పెన్సిళ్ళు ఇంటి దగ్గరే చెక్కి తెచ్చుకుని, చెక్కగదిలో కూర్చుని, పుస్తకం మీద తెల్లరాయి పెట్టుకుంది. ఇద్దరు ఔటయ్యాక వెర్న్ తన చోటునుంచి ఒకసారి తల తిప్పి గ్యాలరీ కప్పు మీదికి చూశాడు. ఎర్ర టోపీ ఉంది, కదల్లేదు. బంతి తిన్నగా వాడి దగ్గరికే వచ్చింది. వాడు పట్టుకోవడం ఆవిడ రెండు కళ్ళతో చూసింది, చూసిందే రాసింది.